రంగనాయకులు పూర్తిచేసిన రేసు కారు

హైదరాబాదు నుంచి వచ్చిన కిరణ్ కుమార్ కారు తలుపు తెరిచి, తల లోపలికి పెట్టి, చాలాసేపటి దాకా ఆ తల బయటికి తియ్యలేదు. ప్రమీలారాణి కాఫీ గ్లాసు పట్టుకుని గోడౌను గుమ్మంలో నిలబడింది. తల బయటికొస్తే కాఫీ ఇద్దామని ఆమె ఉద్దేశం.

కారు లోపల కప్పుకి గులాబీ, పసుపు రంగుల షామియానా గుడ్డ కుచ్చులు పోసి కుట్టి ఉంది. ముందు రెండు సీట్లు, వెనక బల్లలాంటి సీటొకటి, అన్నీ ఎర్ర రెగ్జిన్‌తో నిగనిగలాడుతున్నాయి. తలుపులకి అదే రెగ్జిన్‌తో దిళ్లు. కాళ్ల కింద పెళ్లిపందిట్లో పరిచే తివాచీ. కారు నెత్తిన గాలి రావడానికని కంపెనీ వాళ్లు పెట్టిన బొక్క మీద స్టీలు గిన్నె మూత ఒకటి బోల్టులేసి బిగించి ఉంది.

కిరణ్ కుమార్ తల బయటికొచ్చింది. మొహాన చెమట.

"ఇదంతా ఎవరు చేశారండి?"

"మా వారండి."

"ఎందుకండి?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ప్రమీలారాణి కాస్త ఆలోచించి, "ఇవేవీ లేకపోతేనండి," అంది. కాఫీ ఇచ్చింది.

రంగనాయకులుది అమృతలూరు. పొలం అన్నదమ్ములకి వదిలేసి తెనాలి వచ్చి మారిస్‌పేటలో సప్లయర్స్ షాపు పెట్టాడు. షామియానాలు, కుర్చీలు, తివాచీలు, వంటగిన్నెలు, పెళ్లిపీటలు అద్దెకిచ్చే షాపు. ఆ వ్యాపారం ఆయనకి అబ్బిందనడం కంటే ఆయన దానికోసమే పుట్టాడనడం సబబు. మనిషి నిలబడి ఉంటే చూడలేకపోయేవాడు. బస్టాండులో ఎవరో ముసలాయన నిలబడి ఉంటే ఇక్కడ ఈయనకి కాళ్లు లాగేవి. ఇంటికి ఎవరొచ్చినా ముందు కుర్చీ, తరవాత సంగతి. పాలవాడికి కూడా కుర్చీ వేసేవాడు. ఆ పాలవాడు పాలు పోసి కూర్చోవాలో, కూర్చుని పొయ్యాలో తెలీక కొన్నాళ్లు ఇబ్బంది పడి, ఆఖరికి ఈ వీధి తమ్ముడికి అప్పజెప్పాడు.

షాపుకి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాడు. కొత్త కుర్చీ దేన్నైనా తను కూర్చుని చూశాకే బయటికి పంపడం ఒకటి. పెళ్లిపీటలు జతగా తప్ప ఇవ్వకపోవడం ఒకటి. సత్యనారాయణవ్రతానికి ఒక్క పీట చాలు బాబాయ్ అని ఎవరైనా అడిగితే, "రెండోది కూడా తీసుకెళ్లి గోడకి ఆనించుకోండి, దానికి అద్దె వద్దు," అనేవాడు. ఇచ్చిన సామాను ఇంటికి చేరిందాకా నిద్రపోడు. ఈ పద్ధతులన్నీ ప్రమీలారాణికి ఎవరూ చెప్పలేదు. పెళ్లైన నాటినుంచీ చూస్తూ ఉంది కాబట్టి వచ్చేశాయి. షామియానా తాడు ముడి కూడా అలాగే వచ్చింది. ఎంత లాగితే అంత బిగిసి, చివర పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడిపోయే ముడి అది.

ఇక కారు సంగతి. సారంగ కారంటే అప్పట్లో కుర్రాళ్లకి పిచ్చి. రెండు తలుపుల బండి, ముక్కు నేలకి వంచి పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టుండేది. తెనాలిలో డాక్టర్ల కొడుకులు ఇద్దరు ముగ్గురు కొన్నారు. బోసు రోడ్డులో సారంగ వెళ్తుంటే సోడా తాగేవాళ్లు సీసా దించి చూసేవాళ్లు. రంగనాయకులు కూడా చూసేవాడు. కొనాలని మాత్రం అనుకోలేదు. షామియానాలు మోసే వ్యానొకటి ఉంది, అది చాలు.

ఒకసారి బాపట్లలో ఒక రైసుమిల్లాయన ఇంట్లో నిశ్చితార్థానికి పందిరి వెయ్యడానికి వెళ్లాడు. తాడు కట్టడానికి ఆసరా వెతుక్కుంటూ మిల్లు వెనక షెడ్డులోకి వెళ్తే అక్కడ తవుడు బస్తాల కింద సారంగ ఉంది. మిల్లాయన తమ్ముడు ఒకప్పుడు మద్రాసు వెళ్లి కారు రేసుల్లో పాల్గొనేవాడట. వాళ్లమ్మ అన్నం మానేసింది. ఆయన రేసులు మానేశాడు. ఆవిడ అన్నం మళ్లీ మొదలుపెట్టింది గాని ఆయన రేసులు మొదలుపెట్టలేదు. కారు తవుడు కిందికి చేరింది.

రంగనాయకులు తలుపు తీసి చూశాడు. డ్రైవరు సీటు ఒక్కటే ఉంది. పక్కన ఖాళీ రేకు, వెనక ఖాళీ రేకు. తలుపులకి లోపల అట్టలు లేవు. అద్దాలుండాల్సిన చోట ప్లాస్టిక్. రేడియో లేదు, ఏసీ లేదు, కాళ్ల కింద పట్టా లేదు. ఉన్నదల్లా అటూ ఇటూ అడ్డంగా నిలువుగా వేసిన పసుపు రంగు ఇనప పైపులు.

"మిగతా సామానేదండి?" అనడిగాడు.

"కంపెనీ నుంచే ఇలా వచ్చిందయ్యా," అన్నాడు మిల్లాయన.

రంగనాయకులుకి అర్థమైపోయింది. ఆయన వ్యాపారంలో ఇది రోజూ ఉండేదే. కుర్చీలకి ఆర్డరిస్తే నాలుగు తక్కువొస్తాయి, టేబుళ్లొస్తే కాళ్లు రావు. సరుకు తక్కువొచ్చింది, పెద్దమనిషి మొహమాటపడి అడగలేదు. ఆయన పైపుల వంక చూశాడు. ఫ్రేము మాత్రం వాళ్లే వేసిచ్చారు. గుడ్డ మనం వేసుకోవాలి. బేరం అక్కడే కుదిరిపోయింది.

షామియానా తాడుతో వ్యానుకి కట్టించి కారుని తెనాలి లాక్కొచ్చాడు. వ్యాను పాత పనివాడు యలమంద నడిపాడు. తను కారులో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇల్లు చేరేసరికి మీసాల నిండా తవుడు.

ప్రమీలారాణి గేటు దగ్గరకొచ్చి చూసింది. "ఏంటండీ ఇది?"

"కారు."

"మరి సీట్లేవి?"

"వస్తాయి," అన్నాడు.

ఆ కారుకి నంబరు ఎలా వచ్చిందన్నది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ గట్టిగా అడగనూ లేదు.

ముందు వచ్చింది పక్క సీటు. సైదావలి అని ఆటోలకి, జీపులకి సీట్లు కుట్టే ఆయన ఒకడు వీళ్ల షాపు పక్కనే ఉండేవాడు. రంగనాయకులుని అన్నా అనేవాడు, ప్రమీలారాణిని వదినా అనేవాడు. సీటు మొత్తం ఇనపచట్రం దగ్గర నుంచి కొత్తగా చెయ్యడం ఆయనకి అదే మొదలు. కొలతలు తీసుకోవడానికి టేపు పట్టుకుని వచ్చి, "ఎవరు కూర్చుంటారు అన్నా?" అనడిగాడు.

"మీ వదిన."

"అయితే వెడల్పు కొంచెం ఎక్కువ పెడతా."

"ఆ మాట లోపలికి వినపడింది," అంది ప్రమీలారాణి వంటింట్లోంచి.

"మెత్తగా ఉండాలని వదినా, ఇంకో ఉద్దేశం లేదు."

సీటు బిగించాక ఎక్కబోతే తెలిసింది అసలు కష్టం. తలుపు తీస్తే మోకాళ్ల ఎత్తున పైపొకటి అడ్డంగా ఉంది. చీరతో అది దాటాలి. ప్రమీలారాణి ఒక కాలు లోపల పెట్టింది. రెండోది వీధిలోనే ఉండిపోయింది. ఎదురింటి జయలక్ష్మి అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తూ చూసింది.

"ప్రమీలా, ఎక్కుతున్నావా, దిగుతున్నావా?"

"తెలీట్లేదు వదినా."

రంగనాయకులు లోపలికెళ్లి ఇనప రంపం తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం భోజనం వేళకి పైపు ఊడొచ్చింది. తన వైపు పైపు మాత్రం కొయ్యలేదు. చివరిదాకా పంచె ఎగ్గట్టి దాన్ని దాటే కూర్చునేవాడు. సప్లయర్స్ షాపులో పైపు పారెయ్యడమన్నది ఉండదు గనక, కోసిన ముక్కని వంటింట్లో పొయ్యి పక్క గోడకి బిగించాడు. మసిగుడ్డలు ఆరేసుకోవడానికి బాగా పనికొచ్చింది.

తరవాత ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ వచ్చాయి. వెనక సీటు, తలుపులకి దిళ్లు, నిజం అద్దాలు. షామియానా గుడ్డ కుచ్చులు సైదావలి భార్య మెహరున్నీసా కుట్టింది. నెత్తిమీది బొక్కలోంచి తొలకరి వాన డ్రైవరు ఒళ్లో పడితే గిన్నె మూత వచ్చింది. పెళ్లిబస్సు హారన్ వచ్చింది. ఒక్కోటి బిగించినప్పుడల్లా రంగనాయకులు దూరంగా నిలబడి చూసి, "ఇప్పుడు కొంచెం కారులా ఉంది," అనేవాడు.

పెళ్లిళ్ల కాలం అయిపోగానే ఇద్దరూ అందులో పెనుమూడి వెళ్లేవాళ్లు. రేపల్లె దాటాక కృష్ణ మీద పెద్ద వారధి ఉంది, అక్కడికి. వెనక సీట్లో రెండు మడత కుర్చీలు. వారధి మొదట్లో కుర్చీలు వేసుకుని, మిరపకాయ బజ్జీలు తిని, నీళ్లు చూసి వచ్చేసేవాళ్లు. అంతకంటే అక్కడ చేసేదేమీ లేదు. దారిలో ఆయన నలభై దాటనిచ్చేవాడు కాదు. పక్కన మనిషి ఉందిగా అనేవాడు. ఆటోలు దాటిపోయేవి. ఒకసారి వడ్ల ట్రాక్టరు దాటిపోతే అందులో కుర్రాడు, "తాతా, తొయ్యమంటావా?" అన్నాడు. రంగనాయకులు హారన్ కొట్టాడు. అది పెళ్లిబస్సుది కావడంతో కుర్రాడు ట్రాక్టరు మీదే డాన్సు చేశాడు.

మొన్న మాఘమాసంలో చెరుకుపల్లిలో ఒక పెళ్లికి కొత్త కుర్చీలు తీసుకెళ్లాడు. ఎప్పటిలాగే ఒక్కోదాంట్లో కూర్చుని చూస్తున్నాడు. ఒకదాంట్లో కూర్చుని లేవలేదు. పనివాళ్లు కుర్చీ చూస్తున్నాడనే అనుకున్నారు. యలమంద వచ్చి, "కుర్చీ బాగానే ఉందిగా అన్నాయ్," అన్నాడట. ఆ తరవాత ఏమనుకున్నాడో ఏంటో, పక్కనే కింద కూర్చున్నాడట.

షాపు కుర్చీలన్నీ ఆ పెళ్లిలోనూ ఇంకో రెండు పెళ్లిళ్లలోనూ ఉండిపోయాయి. ఆయన్ని చూడటానికి వచ్చినవాళ్లకి వేరే సప్లయర్స్ నుంచి కుర్చీలు తెప్పించాల్సి వచ్చింది. వాటిలో రెండు ఊగుతున్నాయి. ప్రమీలారాణికి ఆరోజు గుర్తున్నది అదొక్కటే.

కూతురు శ్రావ్య బాపట్లలో బ్యాంకులో పని చేస్తుంది. షాపు నడిపేవాళ్లు లేరు కాబట్టి సామానంతా అమృతలూరులో తండ్రి అన్నదమ్ములకి ఇచ్చేసే ఏర్పాటు చేసింది. ప్రమీలారాణి అడ్డు చెప్పలేదు. షాపుకి మొదట కొన్న పెళ్లిపీటల జత మాత్రం ఇంట్లో పెట్టుకుంది. గోడౌను ఖాళీ చెయ్యాలి. అందులో కారు ఉంది. పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి చూసి, గుడ్డ విప్పి ఇస్తే తీసుకుంటానన్నాడు. శ్రావ్య సరే అనబోతుండగా, పాత కార్లు కొని బాగుచేయించే కిరణ్ కుమార్ ఫోను చేశాడు. ఎవరిదో పెళ్లి ఫోటోలో వెనకాల ఈ కారు ముక్కు కనపడిందట. ముక్కు చూసి ఆయన గుర్తుపట్టాడట.

గోడౌనులో కాఫీ తాగుతూ ఆయన అసలు సంగతి చెప్పాడు. సారంగలు వేలకి వేలు తయారయ్యాయి. కాని కంపెనీ వాళ్లే, తమ చేతులతోనే, రేసుల కోసం కొన్నిటిని వేరుగా తయారు చేశారు. చాలా కొద్ది. వాటిలో ఇప్పటికి మిగిలినవి ఇంకా కొద్ది. సీట్లు, అద్దాలు, అట్టలు అన్నీ కావాలనే తీసేశారు.

"కావాలనేనా అండి?"

"కావాలనేనండి. బరువు తగ్గితే వేగం పెరుగుద్ది."

"మనిషి కూడా బరువేగా."

"అవునండి. అందుకే ఒక్కడికే సీటు."

ప్రమీలారాణి ఖాళీ గ్లాసు అందుకుంది. "ఆ కంపెనీలో ఎవరికీ పెళ్లిళ్లు కాలేదా అండి?" అంది.

కిరణ్ కుమార్ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "పైపులు కూడా అందుకేనండి. కారు దొర్లినా లోపలి మనిషికి ఏం కాకుండా. కాని ఈ పక్క ఒక పైపు కోసేశారు. అది దొరికితే మళ్లీ వెల్డింగ్ పెట్టిస్తా. కంపెనీ పైపు దొరక్కపోతే ఈ కారు ఎప్పటికీ పూర్తి కాదండి. ఎక్కడైనా ఉందా?"

"చూడాలండి," అంది ప్రమీలారాణి.

ఇంటికెళ్లింది. పొయ్యి పక్క పైపు మీద మసిగుడ్డ తీసి, మడిచి, పక్కన పెట్టింది. పసుపు రంగు పొగ పట్టి బెల్లంలా అయింది. దాని వంక చూస్తూ పప్పు పొయ్యి మీద పెట్టింది. పెళ్లిళ్ల కాలం అయ్యాక పెనుమూడి వెళ్దామని ఆయన చెరుకుపల్లి బయల్దేరే ముందు రోజే అన్నాడు. కాలం అయిపోయింది. ప్రమీలారాణికి కారు అక్కర్లేదు. ఆమెకి నడపడం రాదు, గోడౌను లేదు. ఆమెకి కావాల్సింది ఆ పక్కన కూర్చుని ఇంకొక్కసారి పెనుమూడి వెళ్లడం. ఆ పైపు మళ్లీ బిగిస్తే ఆ తలుపులోంచి ఆమె ఎక్కలేదు. ఈ కారుని తయారు చేసినవాళ్లు మొదట్నుంచీ కోరుకున్నది కూడా అదే.

ధర సంగతి శ్రావ్య చూసుకుంది. అన్నీ విప్పి మొదట వచ్చినట్టు చేసి ఇవ్వాలని ఒప్పందం. పై వారం కారుని మోసుకెళ్లడానికి ఒక లారీ తీసుకొస్తానని చెప్పి కిరణ్ కుమార్ వెళ్లిపోయాడు.

విప్పడానికి సైదావలి వచ్చాడు. వచ్చినవాడు పని మొదలుపెట్టకుండా తను చేసిన సీట్లో కూర్చున్నాడు.

"నేను కుట్టింది నేనే విప్పాలా వదినా? చొక్కా కుట్టినోణ్ణి ఎవరైనా పిలిచి విప్పమంటారా?"

"నువ్వైతే చింపకుండా విప్పుతావని."

"ఆ హైదరాబాదాయన ఏమన్నాడో విన్నావా? సీటు లేకపోతేనే విలువంట. ఈ ముక్క ముందే చెప్తే అన్న ఎంత పని తప్పించుకునేవాడు."

"చెప్పినా వినడు."

"వినడు," అని ఒప్పుకుని సైదావలి కత్తెర తీశాడు. రెండు రోజులు విప్పాడు. గోడౌనులో దాచి ఉంచిన పాత ప్లాస్టిక్ కిటికీలకి మళ్లీ బిగించాడు. షామియానా గుడ్డ మడతపెట్టి ప్రమీలారాణి చేతికిచ్చాడు. వెనక సీటు తన షాపు ముందు వచ్చేపోయేవాళ్లు కూర్చోడానికి వేసుకుంటానన్నాడు. అన్నకి ఇష్టమైన పనే అంది ఆమె. పక్క సీటు బోల్టులు తియ్యబోతుంటే, "దాన్ని వారధి దాకా ఉంచొచ్చేమో," అంది. కాని సైదావలి అప్పటికే తీసేశాడు. తుప్పుపట్టిన బోల్టులు రెండు విరిగాయి కూడా. సీటు గోడౌను మధ్యలో, ఎవరూ లేని ఆటోలోంచి పడిపోయినట్టుగా ఉండిపోయింది.

"ఇంక బిగవదు వదినా," అన్నాడు. "ముందే చెప్పాల్సింది."

కారు బాపట్ల నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా అయింది. తవుడు ఒక్కటే తక్కువ.

కిరణ్ కుమార్ లారీతో వచ్చి, కారుని గోడౌనులోంచి ఇంటి ముందుకి తెచ్చి చూసి చాలా సంతోషించాడు. అప్పుడు ప్రమీలారాణి తన మాట చెప్పింది. ఈ కారులో తనని పెనుమూడి తీసుకెళ్లాలి. అక్కడ దింపి కారు తీసుకుపోవచ్చు.

"లారీ ఉందిగా అండి. లారీలో ముందు సీటు బాగుంటుంది. ఏసీ కూడా ఉంది."

"లారీలో వద్దండి."

"కారులో సీటే లేదు కదండి."

"నేను తెచ్చుకుంటా."

శ్రావ్య తల్లిని పక్కకి పిలిచి, "అమ్మా, ఏంటిది, ఆయన ఏమనుకుంటాడు," అంది. ప్రమీలారాణి, "ఏమనుకున్నా దారిలో అనుకుంటాడులే," అని ఇంట్లోకి వెళ్లి పెళ్లిపీట ఒకటి తెచ్చింది. రెండోది గోడకి ఆనించి వచ్చింది. షామియానా తాడు, గుడ్డసంచీలో పెట్టిన పొడుగాటి వస్తువొకటి కూడా తెచ్చుకుంది. సంచీలోది గొడుగనుకున్నారు అందరూ.

పీటని పక్క సీటుండాల్సిన చోట రేకు మీద వేసి, కోళ్లకి తాడు చుట్టి, పైపులకి బిగించి, ముడి వేసింది. కిరణ్ కుమార్ వంగి ఆ ముడి లాగి చూశాడు. ఇంకా బిగిసింది. ఇంకోసారి లాగబోయి మానేశాడు. ప్రమీలారాణి తలుపు తీసి, పైపు లేని సందులోంచి చీర చెదరకుండా ఎక్కి కూర్చుంది. మిగిలిన తాడు నడుము చుట్టూ తిప్పి కట్టుకుంది. కిరణ్ కుమార్ తన వైపు పైపు దాటుతూ మోకాలు కొట్టుకున్నాడు.

"ఆయనకీ తగిలేదండి," అంది.

జయలక్ష్మి అరుగు మీద నుంచి అంది, "ప్రమీలా, ఇవాళ తేలిగ్గానే ఎక్కావే."

"ఎక్కడం అలవాటే కదా వదినా."

ఊరు దాటాక కిరణ్ కుమార్ ఫోనులో దారి చూసి, "భట్టిప్రోలు మీదుగా దగ్గరండి," అన్నాడు.

"చెరుకుపల్లి మీదుగా పోనివ్వండి. నలభై దాటనివ్వొద్దు."

"ఈ కారుని నలభైలో నడపడం పాపమండి."

"పక్కన మనిషి ఉందిగా అండి."

ఆయన వేగం తగ్గించాడు. రేసుల కోసం కంపెనీ వాళ్లు చేతులతో తయారు చేసిన బండి అమృతలూరు మీదుగా, పచ్చగా ఎదిగిన వరిచేల మధ్య నుంచి, ఆటోలకి దారిస్తూ వెళ్లింది. గుడ్డ తీసేశాక లోపల చప్పుడు ఎక్కువైంది. ప్రతి గులకరాయీ రేకుకి తగిలి మోగుతోంది. ఆయన బతికుండగా ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు ఆమె. వెనక ఖాళీ లారీ వస్తోంది. లారీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు, ఏమైనా అయిందేమోనని.

చెరుకుపల్లిలో కల్యాణమండపం ముందు ఆపమంది. ఆమె ఆ మండపాన్ని చూడటం అదే మొదలు. ఆరోజు ఆయన్ని యలమందే వ్యానులో ఇంటికి తీసుకొచ్చేశాడు, ఎవరూ ఆమెని ఇక్కడికి తీసుకురాలేదు. లోపల ఎవరిదో శుభకార్యం. పందిరి కింద తెల్ల కుర్చీలు వేస్తున్నారు.

కిరణ్ కుమార్ ఎందుకు ఆపమందో అడగలేదు. శ్రావ్య చెప్పి ఉంటుంది. కొంచెంసేపయ్యాక, "దిగుతారా అండి?" అన్నాడు.

ప్రమీలారాణి కిటికీ ప్లాస్టిక్‌లోంచి చూస్తోంది. ఒక కుర్రాడు కుర్చీల దొంతర తీసి చకచకా పరుస్తున్నాడు. ఏ కుర్చీలోనూ కూర్చుని చూడటం లేదు.

"వరస వంకరగా ఉంది," అంది. "పోనివ్వండి."

రేపల్లె దాటారు. పెనుమూడి వారధి మొదట్లో కిరణ్ కుమార్ కారు పక్కకి తీసి ఆపాడు. ఏటి గాలి లోపలికి కొట్టింది. ప్రమీలారాణి దిగలేదు. పీట మీదే కూర్చుని నీళ్లు చూసింది. బజ్జీల బండి ఆమెకి తెలిసిందే. బండాయన చూసి దగ్గరకొచ్చాడు.

"ఏంటమ్మా, ఈసారి కుర్చీలు తేలేదా?"

"తేలేదు బాబూ."

"నాయన గారు?"

"ఆయన రాలేదు."

బండాయన డ్రైవరు సీట్లోని మనిషిని చూశాడు, మళ్లీ ఆమె వంక చూశాడు. తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. తరవాత వెళ్లి రెండు పొట్లాల్లో బజ్జీలు తెచ్చిచ్చాడు. ఒకటి కిరణ్ కుమార్ తిన్నాడు. కారం ఎక్కువైందని నీళ్లు తాగాడు. ఆమె తన పొట్లం మొత్తం తిని, కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

అప్పుడు ముడి చివర పట్టుకుని లాగింది. తాడు ఊడింది. దిగి, పీట దించుకుని, సంచీలోంచి ఆ పొడుగాటి వస్తువు తీసి కిరణ్ కుమార్‌కి ఇచ్చింది. పొగపట్టిన పసుపు పైపు.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోసిన చివరని తలుపు దగ్గరి మొండికి ఆనించి చూశాడు. కలిసింది.

"ఇది మీ దగ్గరే ఉందా అండి?"

"వంటింట్లో ఉంది."

"ముందే ఇచ్చుంటే తెనాలిలోనే వెల్డింగ్ పెట్టించేవాణ్ణి కదండి."

"అప్పుడు నేనెలా ఎక్కుతానండి?" అంది ప్రమీలారాణి. "ఇప్పుడు పెట్టుకోండి. దిగిపోయాగా."

కారుని లారీ ఎక్కించారు. తాళ్లతో కడుతుంటే ఆమె చూసి, వెనకవైపు తాడు వదులుగా ఉందంది. కిరణ్ కుమార్ లారీ డ్రైవరుని పక్కకి జరగమని తాడు ఆమెకిచ్చాడు. ఆమె కట్టింది. ఎలా విప్పాలో చూపించింది. లారీ వారధి ఎక్కి అవతలి ఒడ్డు వైపు వెళ్లిపోయింది. సగం దాకా కనపడింది. తరవాత బస్సొకటి అడ్డమొచ్చింది.

రేపల్లె బస్టాండుకి ఆటోలో చేరేసరికి సాయంత్రం అయింది. తెనాలి బస్సు కిక్కిరిసి ఉంది. ప్రమీలారాణి పీట చంకన పెట్టుకుని ఎక్కింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ల ఉచిత టిక్కెట్టు కొట్టిచ్చాడు. తరవాత పీట వంక చూశాడు.

"ఇదేంటమ్మా?"

"పెళ్లిపీట."

"దీనికి లగేజీ కొట్టాలి."

"ఆడవాళ్ల సామానేగా బాబూ."

"మీకు ఫ్రీ అమ్మా. పీటకి ఆధార్ ఉంటే చెప్పండి."

వెనకాల ఎవరో నవ్వారు. ఒకావిడ జాలిగా, "ఒక్క పీట ఏం చేసుకుంటావమ్మా?" అనడిగింది.

"రెండోది ఇంట్లో ఉందండి. ఇది అక్కడికి చేరాలి," అంది ప్రమీలారాణి. లగేజీ కట్టింది.

సీటు ఎక్కడా లేదు. డ్రైవరు వెనక కొంచెం జాగా ఉంటే పీట వేసుకుని కూర్చుంది. పక్కన బిడ్డనెత్తుకున్న అమ్మాయి ఒకతె కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. బస్సు కదిలినప్పుడల్లా తూలుతోంది. ప్రమీలారాణి కాసేపు చూడనట్టు ఊరుకుంది. ఊరు దాటలేదు, కాళ్లు లాగడం మొదలుపెట్టాయి.

"కూర్చో అమ్మా," అని లేచి, పీట ఆ అమ్మాయి వైపు జరిపింది. "తెనాలిలో మాత్రం తిరిగిచ్చెయ్యాలి."